11 రోజుల విశ్వాసం, 23 ఏళ్ళ సేవ

పేరు వద్దని కోరిన ఒక సోదరి 7 పేజీల ఉత్తరం రాశారు. వయసు 51. ఆదివారపు బడిలో 23 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పారు. సంఘంలో ఎవరు జబ్బుపడినా ముందుగా గుమ్మంలో కనిపించేది ఆమే. 6 ఏళ్ళుగా అత్తగారు మంచం పట్టి ఉన్నారు. ఒళ్ళు తుడవడం, తినిపించడం, మందులు వేయడం, రాత్రిళ్ళు లేచి పక్క మార్చడం అన్నీ ఈమె చేతులమీదే జరుగుతున్నాయి. చిన్నతనంలో టీచరు నేర్పిన అలవాటు ఒకటుంది. ఆ రోజు చేసిన మంచిపనిని పడుకునేముందు నోటు పుస్తకంలో రాసుకోవడం. అలాంటి పుస్తకాలు ఆమె దగ్గర 14 పోగయ్యాయి. "నేను రాయకపోతే దేవుడు మరచిపోతాడేమోనని భయం" అని ఆమే రాసుకున్నారు.

ఆమె మరిది 15 ఏళ్ళు తల్లి ముఖం చూడలేదు. తాగుడు, అప్పులు, ఇంట్లో గొడవలు. కిందటి ఏడాది కాలేయం చెడి ఆసుపత్రిలో చేరాడు. అక్కడ పాపాలు ఒప్పుకుని, ప్రభువును నమ్మి, బాప్తిస్మం తీసుకుని, 11 రోజులకు కన్నుమూశాడు. జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడిన పెద్దలు సిలువమీది దొంగను గుర్తుచేసి, క్రియలతో పనిలేకుండా కృపచేతనే ఇతడు పరదైసుకు చేరాడని సంతోషించారు. ఆ తల్లిని ఇన్నాళ్ళూ చూసుకున్నదెవరో ఒక్కరూ అనలేదు. "ఆ రోజు నాకు దేవుని మీద కోపం వచ్చింది. రాయడానికే భయంగా ఉంది" అన్నారామె.

ఆడపడుచుతో చెప్పుకుంటే, "మన నీతిక్రియలన్నీ మురికిగుడ్డలే వదినా, నువ్వు వాటిని నమ్ముకున్నావు కాబట్టే ఈ కోపం" అంది. ప్రార్థన బృందంలోని స్నేహితురాలు మాత్రం, "క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడు యాకోబు, మీ మరిది విశ్వాసం ఎంత నిజమో ఎవరికి తెలుసు" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఈమెకు ఊపిరాడలేదు. 4 నెలలుగా ఆదివారపు బడికి వెళ్ళడం లేదు, ప్రార్థన రావడం లేదు, నోటు పుస్తకం తెరవలేదు. ఆమె అడిగినవి ఇవి: "నా క్రియలకు విలువ లేకపోతే ఇన్నాళ్ళూ ఎందుకు చేసినట్టు? విలువ ఉంటే ఆ మనిషికి ఏ లెక్కన పరలోకం దొరికింది? మనసు రాకుండా మళ్ళీ సేవకు వెళితే వేషధారణ కాదా? ఈ పుస్తకాలను కాల్చేయనా? అసలు నాకు విశ్వాసం ఉందా?"

సోదరీ,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టి మళ్ళీ చదివాను. మొదట ఇదంతా విశ్వాసానికీ క్రియలకూ సంబంధించిన ప్రశ్నే అనుకున్నాను. మళ్ళీ చదివితే, ఒకే ముడిలో వేర్వేరు దారాలు చిక్కుపడ్డాయని అర్థమైంది. దేవుడు మీ మరిదిపట్ల చేసింది న్యాయమా అన్నది ఒక దారం. మీ 23 ఏళ్ళు ఏమయ్యాయన్నది ఇంకొకటి. మీ కష్టాన్ని ఇంటివాళ్ళూ సంఘమూ చూడలేదన్నది వేరే. ఈ చివరిదాంట్లో మీరు అడగవలసింది మనుషులను. దాన్ని కూడా దేవుని లెక్కలోనే వేసుకుని మోస్తున్నారు. అందుకే అంత బరువు.

కోపం గురించి ముందు చెబుతాను. 73వ కీర్తన తెరవండి. ఆ కీర్తన రాసిన ఆసాపు ఆలయంలో పాటలు పాడిన మనిషి. దుర్మార్గులు సుఖంగా ఉండటం చూసి, "నా హృదయమును నేను శుద్ధిచేసికొని యుండుట వ్యర్థమే" అన్నాడు. ఆ మాటను ఎవరూ కొట్టివేయలేదు, దాన్ని పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు. మీరు 7 పేజీల్లో చెప్పినదాన్ని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆ కోపంతో మీరు దేవుని ఎదుట నిలబడవచ్చు. అలా నిలబడినవాళ్ళు మీకన్నా ముందే ఉన్నారు.

ఆడపడుచు మాటకు వద్దాం. యెషయా 64లోని ఆ వాక్యం, ఒక జనం తమ పాపాన్ని తామే దేవుని ముందు ఏడుస్తూ ఒప్పుకున్న మాట. "మా నీతిక్రియలన్నియు" అని ఉంది చూడండి. ఎవరికి వారు తమ గురించి చెప్పుకోవలసిన మాట అది. మంచంలో ఉన్న మనిషి ఒళ్ళు పుండ్లు పడకుండా 6 ఏళ్ళు కాపాడిన ఆమె ముఖాన విసరడానికి రాసింది కాదు. ఆడపడుచు ఆ తల్లికి కూతురన్న సంగతిని కూడా నేను పక్కన పెట్టలేకపోతున్నాను.

మీ స్నేహితురాలూ యాకోబును తప్పుచోట వాడారు. ఆయన కోపం ఎవరిమీదో యాకోబు పత్రిక 2వ అధ్యాయంలోనే ఉంది. బట్టలు లేక, ఆ పూటకు తిండి లేక వచ్చినవారితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి ఏమీ ఇవ్వకుండా పంపేవాళ్ళమీద. ఆరోగ్యం ఉండి, చేతులు ఆడుతూ, నోటితో మాత్రమే నమ్మేవాళ్ళమీద. ఆసుపత్రి మంచంమీద చివరి ఊపిరి తీస్తున్నవాడి విశ్వాసాన్ని తూచడానికి ఆయన త్రాసు పట్టుకోలేదు.

కూడికలో పెద్దలు ఎత్తిన కృప మాట రాసిన పౌలు పోరు ఇంకొకరితో. యూదుల్లా సున్నతి పొంది ధర్మశాస్త్రం మోస్తేనే అన్యజనులు దేవుని ఇంటివాళ్ళవుతారని పట్టుబట్టినవాళ్ళతో ఆయన వాదించాడు. ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు లేకుండా విశ్వాసంవల్లనే మనుషులు నీతిమంతులుగా తీర్చబడతారని రోమా పత్రికలో రాసింది ఆ పోరులోనే. ఇంటి గుమ్మం దగ్గర ఎవరూ రుసుము వసూలు చేయకూడదన్నది ఆయన మాట. లోపలికి వచ్చినవాడు ఆ ఇంటి మనిషిలా బతుకుతున్నాడా అన్నది యాకోబు మాట.

ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ ఉత్తరానికి ఇదే దగ్గరగా ఉంది. ఆదికాండము 15లో దేవుడు ఆకాశంలోని నక్షత్రాలు చూపించి, నీ సంతానం అలా అవుతుందని మాట ఇచ్చాడు, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. పౌలు వేలు పెట్టి చూపించేది ఆ రాత్రినే. మొదటి కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్ళు, కాబట్టి నమ్మింది అంతకుముందే. సున్నతి జరిగింది 99వ ఏట. ఇస్సాకు పుట్టింది 100వ ఏట. ఆ పిల్లవాడు కట్టెలు మోయగల ఈడుకు వచ్చాక గాని, అతన్ని బలి ఇవ్వమని దేవుడు అడిగిన మోరీయా దేశంలోని ఆ కొండ రాలేదు. యాకోబు చూపించేది ఆ కొండను. ఆ రాత్రికీ ఈ కొండకూ మధ్య 20 ఏళ్ళకు పైమాటే. మధ్యలో అబ్రాహాము భయపడ్డాడు, అబద్ధమాడాడు, నవ్వాడు, ఎదురుచూశాడు. ఆనాడు నమ్మిన నమ్మకమే ఈ కొండమీద నెరవేరిందని యాకోబు అంటాడు.

మీ మరిదికి నక్షత్రాల రాత్రి దొరికింది. కొండ వరకు నడిచే ఆయుష్షు దొరకలేదు. మీకు ఆ నడక దొరికింది. ఆ నడక లోపలికి రావడానికి కట్టిన రుసుము కాదు కాబట్టి, అతను కట్టకుండా వచ్చాడన్న ప్రశ్నే లేదు. మీరూ కట్టకుండానే వచ్చారు. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో కృప గురించిన 8, 9 వచనాలు ఆ కూడికలో చదివి ఉంటారు, అవి అందరికీ కంఠతా వచ్చు. 10వ వచనం దగ్గరికి వచ్చేసరికి చాలామంది పుస్తకం మూసేస్తారు. మనం నడుచుకోవాలని దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియల కోసమే మనం సృష్టింపబడ్డామని అక్కడ ఉంది. నాడు మాట్లాడిన పెద్దలు ఇంకొక్క వచనం చదివి ఉంటే, ఆ గదిలో మీ కష్టానికి కూడా చోటు దొరికేది.

ఈ తగవు మీ ఇంట్లో పుట్టింది కాదు. 1522లో ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్ భాషలో కొత్త నిబంధన అచ్చువేస్తూ, యాకోబు పత్రికను గడ్డిపోచలాంటి పత్రిక అన్నాడు. అదే పుస్తకంలో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం ఊరికే కూర్చోలేదనీ, మంచి చేయకుండా ఉండటం దానికి చేతకాదనీ అదే లూథర్ రాశాడు. 1547లో కతోలికుల ట్రెంట్ సభ ఎదుటివైపు నుంచి గట్టిగా జవాబిచ్చింది. అయితే ఆ సభ కూడా మనిషి ముందుగా చేసిన ఏ క్రియా ఆ కృపను సంపాదించలేదనే చెప్పింది. చివరకు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కతోలికులూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటనమీద సంతకం చేశారు. మనలోని ఏ అర్హతనుబట్టీ కాక కృపచేతనే దేవుడు మనల్ని చేర్చుకుంటాడనీ, ఆ కృపే మనల్ని సత్‌క్రియలకు సిద్ధపరుస్తుందనీ ఇరువురూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు కూడా దాంతో ఏకీభవించారు. అన్ని తేడాలూ పోలేదు. అయినా అంత పెద్ద తగవులోనూ క్రియలు దండగని ఇటువైపు పెద్దలు అనలేదు, కృప చాలదని అటువైపు పెద్దలు అనలేదు. మిమ్మల్ని రెండువైపుల నుంచి లాగినవాళ్ళు వాళ్ళ పెద్దలకన్నా దూరం వెళ్ళారు.

ఇక సిలువమీది దొంగ. అతను ఏ క్రియా లేకుండా వెళ్ళాడని అంటారు. లూకా 23వ అధ్యాయం నిదానంగా చదివితే నాకు అలా అనిపించదు. సిలువకు వేలాడుతున్నవాడికి కాళ్ళూ చేతులూ ఆడవు. మిగిలింది నాలుక ఒక్కటే. దానితో ఎగతాళి చేస్తున్న తోటి దొంగను మందలించాడు, తన శిక్ష న్యాయమని ఒప్పుకున్నాడు, యేసు ఏ తప్పూ చేయలేదని అందరి ముందు సాక్ష్యమిచ్చాడు. శిష్యులు చెదిరిపోయిన ఆ వేళ ఆయన పక్షాన ఆ మాట అన్నవాడు అతనే. ఆ క్రియవల్ల అతనికి పరదైసు దొరకలేదు. కాని విశ్వాసం అతనిలో ప్రాణంతో ఉంది కాబట్టి కదపగలిగిన ఒక్క అవయవాన్నీ కదిపింది.

మీ మరిదికి కూడా అలాంటిది ఒకటి ఉంది. అది మీ ఉత్తరంలోనే ఉంది. చివరి పేజీలో చోటు చాలక అంచున నిలువుగా రాశారు: "చనిపోవడానికి నాలుగు రోజుల ముందు నా చేయి పట్టుకుని, వదినా, అమ్మను మీరే చూసుకున్నారు, నేను చూడలేదు అన్నాడు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను." ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ మాటలే. పెద్దలు అనని మాట, మీ భర్త అనని మాట, ఆడపడుచు అనని మాట, అతను అన్నాడు. లేచి వెళ్ళి తల్లికి గ్లాసుడు నీళ్ళు ఇవ్వగల స్థితిలో లేడు. ఉన్న ఓపికతో మీ కష్టానికి సాక్ష్యమిచ్చి వెళ్ళాడు.

చేయి వెనక్కి తీసుకున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. 15 ఏళ్ళ గాయం ఒక్క మాటకు మానదు. అతను క్షమాపణ అడగవలసింది మిమ్మల్ని కూడా, అందుకు అతనికి దొరికిన సమయం ఆ కాసేపే. మీకు దొరికిన సమయమూ అంతే. ఆ చేయిని ఇప్పుడు పట్టుకోలేరు. అతని భార్య ఉన్నారు. ఏదో ఒక రోజు, మీకు మనసైనప్పుడు, అతను అన్న ఆ మాటను ఆమెకు చెప్పవచ్చు. ఆమెకు భర్త గురించి మిగిలిన మంచి జ్ఞాపకాలు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. చెబితే మీ ఇద్దరిమధ్య పాత లెక్కలు మళ్ళీ లేవవచ్చు, కాబట్టి తొందర లేదు. చెప్పకపోతే ఆ మాట మీలోనే ముల్లులా ఉండిపోతుందేమోనని నా భయం.

ఇంకొకటి గమనించాను. ఉత్తరంలో మరిది అని రాసింది ఒక్కసారే. మిగతా అన్నిచోట్లా "ఆ మనిషి". లూకా 15లో, ఆస్తి పాడుచేసి తిరిగివచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేసినప్పుడు, పెద్దకొడుకు కూడా తండ్రితో "యీ నీ కుమారుడు" అంటాడు, తమ్ముడు అనడు. తండ్రి జవాబులో ఆ మాటను మెల్లగా సరిదిద్దుతాడు, "ఈ నీ తమ్ముడు" అంటాడు. ఆ పెద్దకొడుకును తిట్టడానికి ఈ కథ వాడేవాళ్ళంటే నాకు నచ్చదు. అతను పొలంలో నిజంగానే కష్టపడ్డాడు. తండ్రి విందు విడిచి, వెలుపలికి వచ్చి, అతన్ని బతిమాలుకున్నాడు. చిన్నవాడికోసం పరుగెత్తిన కాళ్ళే పెద్దవాడికోసం చీకట్లోకి వచ్చాయి. "నావన్నియు నీవి" అన్న మాట విన్నది పెద్దవాడే. "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నాను" అని అతను కూలివాడిలా లెక్క చెప్పాడు. తండ్రి కొడుకుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

మీ 14 నోటు పుస్తకాల సంగతి ఇక్కడే వస్తుంది. మీ టీచరుది మంచి ఉద్దేశమే అయ్యుంటుంది. కాని చిన్నపిల్ల మనసులో అది, నేను రాయకపోతే దేవుడు మరచిపోతాడన్న భయంగా మారింది. మీరు చేసిన కార్యాన్నీ, పరిశుద్ధులకు ఉపచారం చేసి చూపిన ప్రేమనూ మరచిపోవడానికి దేవుడు అన్యాయస్థుడు కాడని హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలో ఉంది. ఆయన జ్ఞాపకానికి మీ పెన్సిలు అవసరం లేదు. మత్తయి 25లో, తీర్పు రోజున రాజుకు కుడివైపు నిలబడినవాళ్ళను చూడండి. "ప్రభువా, యెప్పుడు నీవు ఆకలిగొనియుండుట చూచి నీకాహారమిచ్చితిమి?" అని ఆశ్చర్యపోయి అడుగుతారు. వాళ్ళ దగ్గర చిట్టా లేదు. చేసిన పని వాళ్ళకే గుర్తులేదు, రాజుకు గుర్తుంది.

మీకు విశ్వాసం ఉందా అని అడిగారు. 5వ పేజీలో మీరు మామూలుగా రాసి దాటిపోయిన చోటు ఒకటుంది. "మొన్న రాత్రి రెండున్నరకు అత్తయ్యకు పక్క మార్చడానికి లేచాను. దుప్పటి తడిసి ఉంది. ప్రార్థన రాలేదు. ఏమీ అనిపించలేదు. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమోనని మోచేతితో చూసి, తుడిచి, పడుకున్నాను." ఆ రాత్రి నోటు పుస్తకం మూసే ఉంది. చూసేవాళ్ళు లేరు, దేవుని మీద కోపం ఉంది, లోపల ఎండిపోయి ఉంది. అయినా ఆ ముసలి ఒంటికి నీళ్ళు చురుక్కుమంటాయేమోనని మీ మోచేయి ఆలోచించింది. గలతీ పత్రికలో పౌలు ప్రేమవలన పనిచేసే విశ్వాసం అని రాశాడు. అది ఎలా ఉంటుందని ఎవరైనా నన్ను అడిగితే ఇకమీద నేను ఆ మోచేతినే చూపిస్తాను. ప్రార్థన రానప్పుడు మార్కు 9లో, జబ్బుపడ్డ కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన ఆ తండ్రి మాట చాలు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." అంతకన్నా పొడవైన ప్రార్థన ఆ రోజు యేసు అతన్ని అడగలేదు.

ఆ పుస్తకాలను కోపంలో కాల్చకండి. కాల్చిన రోజు తేలికగానే ఉంటుంది. కాని వాటిలో మీరు ఒక్కరే లేరు, మీరు చూడటానికి వెళ్ళిన రోగులున్నారు, పాఠం నేర్చుకున్న పిల్లలున్నారు. వాళ్ళ పేర్లకోసం ఒకసారి చదవండి. చదువుతున్నంతసేపూ మీ లెక్కే గుర్తుకు వస్తుంటే, అప్పుడు ప్రశాంతంగా వదిలించుకోవచ్చు. కొత్త పుస్తకం మొదలుపెట్టడం మాత్రం ఇప్పుడు వద్దనే అంటాను.

మనసు లేకుండా సేవకు వెళితే వేషధారణ కాదా అన్నారు. లేనిదాన్ని ఉన్నట్టు నలుగురికీ చూపించడం వేషధారణ. మత్తయి 21లో తండ్రి ద్రాక్షతోటకు వెళ్ళమంటే ఒక కొడుకు వెళ్ళనని ముఖంమీదే చెప్పి, తరువాత వెళ్ళాడు. తండ్రి ఇష్టప్రకారం చేసింది అతనేనని యేసు ఎదుట ఉన్నవాళ్ళు ఒప్పుకోవలసి వచ్చింది. అయినా ఆదివారపు బడికి వెంటనే తిరిగి వెళ్ళమని నేను అనలేను. వెళితే పిల్లలు సంతోషిస్తారు, మీకూ ఆ ముఖాలు చూస్తే కొంత ప్రాణం లేచివస్తుంది. కాని ఇంట్లో ఏమీ మారకుండా వెళితే కొన్ని నెలల్లో ఇదే కోపం మళ్ళీ వస్తుంది. పూర్తిగా మానేస్తే విశ్రాంతి దొరుకుతుంది, అయితే పెద్దలమీది అలుక గట్టిపడి సంఘానికే దూరమయ్యే ప్రమాదం ఉంది. మధ్యలో ఒక దారి ఉంది. కొంతకాలం పాఠం వేరొకరికి అప్పగించి, వెనక బెంచీలో కూర్చుని వినండి. 23 ఏళ్ళు వడ్డించిన మనిషి కొన్నాళ్ళు కూర్చుని తినవచ్చు. ఆ పెద్దల్లో మీకు నమ్మకం ఉన్న ఒక్కరికి ఆ కూడిక రోజు మీకు కలిగిన బాధను చెప్పండి. ఆయన నొచ్చుకోవచ్చు, తిరిగి ప్రసంగమే చేయవచ్చు. నిజంగా మంచి కాపరి అయితే ఊరుకుని వింటాడు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇంట్లో ఉంది. 7 పేజీల్లో మీ భర్త రెండు వాక్యాల్లో కనిపించారు, ఆయన మంచివారనీ పని ఒత్తిడి ఎక్కువనీ. మీ అత్తగారు ఆయనకు తల్లి. మంచంలో ఉన్నవారికి రెండు గంటలకోసారి పక్క మార్చాలంటారు. 6 ఏళ్ళు అది ఒక్క మనిషి చేయగల పని కాదు. మా నాన్నగారి చివరి నాలుగు నెలలు చూసుకున్నప్పుడు, సాయం అడగడం విశ్వాసలోపమని నేనూ అనుకున్నాను. ఒక రాత్రి ఆయన్ను లేపబోయి నేనే కిందపడ్డాను. మరునాడు తమ్ముణ్ణి పిలిచాను. వారానికి రెండు రాత్రులు మీ భర్తను అడగండి, నెలలో కొన్ని రోజులు ఆడపడుచును అడగండి. కాదనవచ్చు, వాక్యాలు వల్లించవచ్చు, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమిటని అనవచ్చు. అయినా అడగండి. వాళ్ళకోసం సిద్ధపరచిన పనిని కూడా మీరే చేసేస్తూ వచ్చారు, వాళ్ళ భాగం వాళ్ళకు ఇవ్వండి.

ఈ వారం ఒక రాత్రి, రెండున్నరకు, మీ భర్తను నిద్రలేపండి. ఆమె భుజం కింద చేయి ఎలా పెట్టాలో చూపించండి. నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో నోటితో చెప్పవద్దు. ఆయన చొక్కా చేయి పైకి మడిచి, మోచేతితో చూడమనండి.